నాన్నగారి బాక్సులకి ఏ ఆంప్లిఫైర్ కొనాలి?

పర్లాకిమిడి నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం, కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అన్నగారూ, మా నాన్నగారు పోయి రెండేళ్లయింది. ఆయన పాటలు వినే రెండు చెక్క బాక్సులు హాల్లో అలగే ఉన్నాయి, వెనకాల 8 ఓమ్స్ అని రాసుంది. ఆంప్లిఫైర్ మాత్రం పాడైపోయింది, బాగుచెయ్యలేమన్నారు. అమ్మ పొద్దున్న భక్తి పాటలు, రాత్రి హరికథలు టీవీలో యూట్యూబ్ పెట్టుకుని వింటాది, టీవీ గొంతు మరీ పీలగా ఉంటాది. నాన్న బాక్సుల్లోనే వినాలని ఆవిడ ఆశ. హాలు 12 బై 14 అడుగులు. పదివేలల్లో ఏదైనా తెద్దామని ఆన్‌లైన్లో చూస్తే ఫోసీ అని, ఐయిమా అని ఎప్పుడూ వినని పేర్లు, అరచేతిలో పట్టే డబ్బా, దాని మీద 600 వాట్లు అని రాస్తున్నారు. విశాఖలో ఉన్న మా బావ ఈ పేర్లు నమ్మొద్దు, పెద్ద కంపెనీది సెకండ్ హ్యాండ్ కొనమంటున్నాడు. ఊళ్లో షాపాయన తనే అసెంబుల్ చేసి ఇస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి?"

అమ్మా, ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది, ఎవర్నీ తీసిపారెయ్యక్కర్లేదు, ఒక్కొక్కటీ చెప్తాను. కానీ మీరు ఒక్క రూపాయి ఖర్చుపెట్టేముందు చెయ్యాల్సిన పని ఇంకోటుంది. ఆ బాక్సులు బతికున్నాయో లేదో చూడండి.

ముందరున్న గుడ్డ ఫ్రేము మెల్లిగా ఊడదీసి టార్చిలైటు వేసి చూడండి. పెద్ద స్పీకర్ కోను చుట్టూ ఒక మెత్తటి రింగు ఉంటాది, అది ఫోమ్‌దైతే ఇన్నేళ్లకి పొడిపొడి అయిపోయి ఉంటాది, వేలుతో తాకితే నల్లగా రాలుతాది. గుడ్డదో రబ్బరుదో అయితే మీ అదృష్టం, అవి బేగి పోవు. మా బరంపురంలో, గోపాలపురం వైపు అయితే ఇంకానూ, సముద్రం గాలికి ఈ ఫోమ్ రింగులు పోవడం నేను ఎన్ని ఇళ్లల్లో చూశానో లెక్కలేదు. రింగు పోయిన బాక్సుకి లక్ష రూపాయల ఆంప్లిఫైర్ తగిలించినా చిరిగిన డప్పు కొట్టినట్టే ఉంటాది, కాబట్టి అదే జరిగుంటే మీ పదివేలల్లోంచి ముందు ఆ రింగులు మార్పించండి, కొత్త రింగులు దొరుకుతాయి, చెయ్యి తిరిగినవాడైతే ఒక పూటలో అతికించేస్తాడు.

రింగు బాగుంటే ఒక పెన్సిల్ సెల్లు తీసుకోండి, గోడ గడియారంలో వేసేది. బాక్సు వెనక ఎర్ర టెర్మినల్‌కి సెల్లు ప్లస్సు, నల్లదానికి మైనస్సు, రెండు తీగముక్కలతో ఒక్క క్షణం తాకించి తీసెయ్యండి. పెద్ద స్పీకర్ టక్కుమని ముందుకి రావాలి. వెనక్కి వెళ్తే లోపల తీగలు ఎవరో తిరగేసి కలిపారన్నమాట, ఒక బాక్సు ముందుకీ ఒకటి వెనక్కీ కదిలితే రెండూ కలిసి పాడినప్పుడు బేస్ సగం మాయమైపోతాది. పై చిన్న స్పీకర్ సంగతి ఈ పరీక్షలో పెద్దగా తెలీదు, దాని ముందు కెపాసిటర్ ఉంటాది కాబట్టి చిన్న టిక్కు తప్ప ఏం రాదు. మల్టీమీటర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఓమ్స్‌లో పెట్టి కొలవమనండి, 8 ఓమ్స్ బాక్సు మీటర్లో 6 దరిదాపుల్లో చూపిస్తాది, అది మామూలే. 3 దగ్గర చూపిస్తే అది 4 ఓమ్స్ స్పీకర్, వెనక ఏం రాసున్నా సరే. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్, అంటే స్పీకర్ లోపలి తీగ చుట్ట, కాలిపోయింది.

ఇప్పుడు ఆ 600 వాట్ల సంగతి. దీన్ని మీరే ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు, ఏ నిపుణుడూ అక్కర్లేదు, నేను చెప్పే లెక్క ఒక్కటి గుర్తుంచుకుంటే ఇక జన్మలో ఎవరూ మిమ్మల్ని వాట్ల పేరు చెప్పి మోసం చెయ్యలేరు. ఆ అరచేతి డబ్బాలకి కరెంటు వచ్చేది లాప్‌టాప్‌ది లాంటి ఒక అడాప్టర్ నుంచి. అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసుంటాయి. 32 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉందనుకోండి, రెండూ గుణిస్తే 160. అంటే గోడలోంచి ఆ డబ్బాలోకి నికరంగా వెళ్లేదే 160 వాట్లు, దాంట్లోంచి 600 వాట్లు బయటికి ఎలగ వస్తాయి? బిందెడు నీళ్లు పోసి డ్రమ్ముడు నీళ్లు తోడతామన్నట్టు.

ఇంకో మెట్టు లోపలికెళ్తే, మీ 8 ఓమ్స్ బాక్సుకి ఎంత వస్తాదో కూడా తెలుస్తాది. అడాప్టర్ వోల్టుల్ని అదే అంకెతో గుణించి, దాన్ని ఓమ్స్‌కి రెట్టింపుతో భాగించండి. మీకు ఓమ్స్ 8 కాబట్టి 16తో. 24 వోల్టుల అడాప్టర్ అయితే 24 ఇంటు 24, 576, దాన్ని 16తో భాగిస్తే 36 వాట్లు. 32 వోల్టులదైతే 1024 బై 16, 64 వాట్లు. 48 వోల్టులదైతే 144. ఇవి గీటు దాటని అంకెలు, ఇంతకి మించి శుభ్రమైన సౌండు ఆ డబ్బా ఒక్కో వైపు ఇవ్వలేదు, లోపల పనంతా చేసే చిప్‌లో వేడిగా పోయేది తీసేస్తే ఇంకొంచెం తక్కువే. మరి 300, 600 ఎక్కడినుంచి వచ్చాయంటే, చిప్ తయారుచేసిన కంపెనీ తన కాగితంలో ఎక్కువలో ఎక్కువ వోల్టేజి, 4 ఓమ్స్ స్పీకర్, 10 శాతం వక్రీకరణ పెట్టి కొలిచిన అంకె అది. 10 శాతం అంటే గొంతు చీలిపోయి, సన్నాయి బదులు బూర వినపడే స్థితి. ఆ అంకెని అట్ట మీద అచ్చేసి, అడాప్టర్ మాత్రం చిన్నది ఇస్తారు. అంకె అబద్ధమని కాదు, మీ ఇంట్లో రాదు, అంతే.

ఇక్కడ మీకు దిగులక్కర్లేదు, ఎందుకంటే మీకు అంత అవసరం లేదు. ఇంట్లో వాడే బాక్సులు చాలామట్టుకు 1 వాటుకి 1 మీటరు దూరంలో 85 నుంచి 88 డెసిబెల్స్ దాకా ఇస్తాయి. మనం ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేది 60 దగ్గర. 12 బై 14 హాల్లో సోఫాలో కూర్చున్న అమ్మగారు హరికథ హాయిగా వినడానికి ఖర్చయ్యేది ఒక వాటు, మహా అయితే రెండు. మిగతావన్నీ మృదంగం మీద ఒక్క దెబ్బ పడ్డప్పుడు, తాళాలు ఒక్కసారి మోగినప్పుడు వాడుకోడానికి దాచిన నిల్వ. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "ఆ, కొంచెం పెరిగింది" అనిపించేంత, రెండింతల సౌండు అనిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలి. అందుకని 30 వాట్లదానికీ 60 వాట్లదానికీ తేడా మీరు అనుకున్నంత ఉండదు. 1978లో వచ్చిన ఎన్ఏడీ 3020 అనే ఆంప్లిఫైర్ ఒక్కో వైపు 20 వాట్లే, కానీ ఖరీదైన పెద్ద పెద్ద సెట్లతో పోటీపడి ఇళ్లల్లో దశాబ్దాలు పాడింది, ఇప్పటికీ వెతికి కొనేవాళ్లున్నారు.

పేర్ల సంగతికి వద్దాం. మీ బావగారి భయం నాకు అర్థమైంది, నేనూ మొదట్లో అలగే భయపడ్డాను. కానీ ఈ చిన్న డబ్బాల్లో మనకి తెలియని పేరు పై డబ్బాది మాత్రమే, లోపల పనంతా చేసే చిప్ ప్రపంచమంతా తెలిసిన కంపెనీలది. ఈ దారి తొక్కింది ట్రైపాత్ అనే చిన్న అమెరికా కంపెనీ, వాళ్ల టీఏ2020 అనే చిప్‌తో వేలెడంత ఆంప్లిఫైర్లు పుట్టుకొచ్చి, ఆ ధరకి ఆ సౌండేమిటని పెద్ద పెద్ద సెట్లున్నవాళ్లు ఆశ్చర్యపోయారు. కంపెనీ 2007లో మూతపడింది గానీ, 2009లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక ప్రపంచాన్ని కుదిపిన 25 చిప్‌లు అని ఏరితే అందులో ఆ చిప్ ఉంది. ఇప్పుడు ఆ చోట్లో ఉన్నవి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116, టీపీఏ3255, ఇన్ఫినియన్ వాళ్ల ఎంఏ12070. డబ్బా పేరు ఏదైనా ఉండనీండి, వివరాల్లో ఈ చిప్ నంబరు రాశాడా లేదా చూడండి, నంబరు దాచినవాడి దగ్గర కొనొద్దు.

ఐయిమా ఏ07లో ఉన్నది టీపీఏ3255, ఫోసీ వీ3లోనూ అదే. ఫోసీ బీటీ20ఏలో టీపీఏ3116, బ్లూటూత్ కూడా ఉంటాది, బేస్ ట్రెబుల్ నాబులు ఉంటాయి. ఎస్ఎంఎస్ఎల్, టాపింగ్ అని ఇంకో రెండు పేర్లు వింటారు, వాళ్లూ ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నారు. లాక్స్‌జీ ఏ30లో ఇన్ఫినియన్ చిప్, దానికి రిమోటు ఉంది, టీవీ ఆప్టికల్ తీగ నేరుగా పెట్టుకోవచ్చు. ఒకే మోడలుకి రెండు మూడు రకాల అడాప్టర్లతో రకరకాల ధరలు పెడతారు, చాలామంది తక్కువ ధర చూసి 24 వోల్టులది నొక్కేస్తారు. టీపీఏ3255 డబ్బా అయితే 32 వోల్టుల 5 ఆంపియర్లది తీసుకోండి, మీ బాక్సులకి అది కడుపు నిండా చాలు, 48కి డబ్బు పెట్టక్కర్లేదు. కొనేముందు ఆ డబ్బా ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటాదో మాత్రం చూసుకోవాలి, టీపీఏ3116 డబ్బాకి 24 దగ్గరే ఆగాలి, 32 పెడితే కాలిపోతాది.

అడాప్టర్ గురించి ఇంత ఎందుకు చెప్తున్నానంటే, నా దగ్గరికి "ఆంప్ పోయిందండీ" అని తెచ్చినవాటిల్లో ఎక్కువసార్లు ఆంప్ బాగానే ఉంటాది, పోయింది అడాప్టరే. మన దేశంలో అమ్మే అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అని మొదలయ్యే నంబరు ఉండాలి, లేనిదాన్ని ఇంట్లో పెట్టకండి. మంచి సంగతేమిటంటే ఈ అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా పనిచేస్తాయి. సాయంత్రం ఏడింటికి వీధంతా లైట్లు వేశాక వోల్టేజి 170కి పడిపోయినా పాట పడిపోదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్లు ఆ టైములో నీరసించిపోయేవి, మీ నాన్నగారికి ఆ బాధ తెలిసే ఉంటాది.

ఈ చిప్ డబ్బాల్లో ఒక లోపం కూడా దాచకుండా చెప్తాను. చవకవాటిల్లో పై స్వరాలు, తాళాల మోత, స స అనే అక్షరాలు, స్పీకర్ ఓమ్స్‌ని బట్టి కొంచెం మారతాయి. 8 ఓమ్స్ బాక్సుకి రవ్వంత మెరుపు ఎక్కువగా రావొచ్చు. దీన్ని సరిచేసే కొత్త డిజైన్లు వచ్చాయి, వివరాల్లో పీఎఫ్ఎఫ్‌బీ అని రాసుంటే అది ఆ సరిచేసినదన్నమాట, ధర కొంచెం ఎక్కువుంటాది. పాత చెక్క బాక్సుల్లో పై స్వరాలు ఎలాగూ మందంగా ఉంటాయి కాబట్టి మీ ఇంట్లో ఇది మేలే చేస్తాదని నా నమ్మకం.

టీవీకి ఎలగ కలుపుతారో కొనకముందే చూసుకోండి. టీవీ వెనక ఎర్ర తెల్ల పిన్నులో, ఇయర్‌ఫోన్ కన్నమో ఉంటే ఏ07 లాంటి డబ్బా చాలు. ఈమధ్య టీవీలకి అవి తీసేసి ఆప్టికల్ అని చిన్న చదరపు కన్నం ఒక్కటే ఇస్తున్నారు. అప్పుడు మధ్యలో ఆ సిగ్నల్‌ని ఆంప్‌కి అర్థమయ్యేలా మార్చే డాక్ అని ఇంకో చిన్న డబ్బా కావాలి, లేదా ఆప్టికల్ ఉన్న ఆంపే కొనాలి. ఆప్టికల్ పెట్టాక సౌండు రావట్లేదని కంగారు పడతారు, టీవీ సెట్టింగుల్లో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని మార్చండి, డాల్బీలో ఉంటే ఈ డబ్బాలకి అర్థం కాదు. ఇక నా సలహా అడిగితే, వాడేది అమ్మగారు. పొద్దున్నే లేచి ఒక స్విచ్చు నొక్కి ఇంకో డబ్బా స్విచ్చు వెతికి మూడో రిమోటు పట్టుకోమంటే నాలుగో రోజుకి మళ్లీ టీవీ గొంతులోనే వినడం మొదలెడతారు. రిమోటు, ఆప్టికల్ రెండూ ఉన్న ఏ30 లాంటిది పదివేలు దాటినా సరే, ఇంకో నెల ఆగి అదే కొనండి.

బావగారి మాట. సెకండ్ హ్యాండ్ పెద్ద కంపెనీది అన్నదాంట్లో నిజంగా ఒక నిధి ఉంది, అది చాలామందికి తెలీదు. 2000 తర్వాత కొన్నేళ్లు యమహా, డెనాన్, ఒంకియో వాళ్లు చేసిన హోమ్ థియేటర్ రిసీవర్లు, హెచ్‌డీఎంఐ లేనివి, ఇప్పుడు ఎవరూ అడగరు కాబట్టి ఉత్తి ధరకి వస్తాయి. సినిమాకి పనికిరావని అమ్మేస్తారు గానీ రెండు బాక్సుల పాటకి అవి దివ్యంగా ఉంటాయి, చాలావాటికి ఆప్టికల్ ఉంటాది, రిమోటూ ఉంటాది, లోపల నిజమైన బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాది. విశాఖలో అలాంటిది బావగారికి దొరికితే విశాఖ గుణుపురం బండిలో తెచ్చుకోవచ్చు, పది కిలోల దాకా ఉంటాది, లగేజీ రాక్ మీద కాకుండా కింద పెట్టమనండి.

కానీ చూసి కొనాలి. వెనకాల 230 వోల్ట్స్ అని ఉందో లేదో మొదట చూడమనండి, అమెరికా నుంచి తెచ్చినదైతే 120, జపాన్‌దైతే 100 ఉంటాది, మన ప్లగ్గులో పెట్టిన క్షణమే పోతాది. స్పీకర్లు కలపకుండా ఆన్ చేసి, కొన్ని సెకండ్లకి లోపల రిలే, అంటే స్పీకర్లని కలిపే స్విచ్చు, టిక్కుమనాలి. అప్పుడు మల్టీమీటర్ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి స్పీకర్ టెర్మినల్స్ మీద కొలవాలి, 50 లోపు ఉంటే నిశ్చింత, 100 దాటితే వదిలెయ్యండి, లోపల ఏదో పాడవుతోందన్నదానికి అది గుర్తు, రేపు ఆ డీసీ బాగా పెరిగిపోతే మీ నాన్నగారి బాక్సు కాయిల్‌ని కాల్చేస్తాది. తర్వాత ఏదో ఒక పాత స్పీకర్ తగిలించి గంటసేపు మోగించి, వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తోందా, ఒక వైపు ఆగి ఆగి వస్తోందా చూడాలి. గరగర ఒక్కటే అయితే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొడితే చాలాసార్లు పోతాది. అమ్మేవాడు గంటసేపు మోగించనివ్వకపోతే వచ్చెయ్యండి.

ఊళ్లో షాపాయన సంగతి. అసెంబుల్డ్ అంటే నాకు గౌరవం, మన వైపు సగం ఇళ్లల్లో పాట వినపడింది ఆ టంకం చేతుల వల్లే. కానీ కొన్నేళ్ల కిందట ఒక షాపులో మా చుట్టాలింటికి ఒకటి చేయించాను, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, రంగు లైట్లు, మీటర్లు. రెండు గంటలు మోగేసరికి వార్నిష్ కాలిన వాసన. విప్పి ట్రాన్స్‌ఫార్మర్ తీగ కొసని బ్లేడుతో గీకితే ఎర్రగా కాకుండా తెల్లగా మెరిసింది, రాగి పేరు చెప్పి అల్యూమినియం చుట్టారు. అదే సైజులో అల్యూమినియం తీగ ఎక్కువ వేడెక్కుతాది, బేస్ కొట్టినప్పుడల్లా వోల్టేజి కూర్చుండిపోతాది. ఆ ఇంట్లో పెళ్లి పాటల కోసం చేయించిన సెట్టు అది, పెళ్లి రోజున వాడలేకపోయారు, ఆ బాధ నాకు ఇంకా ఉంది. అందుకని మీ షాపాయన చేత చేయిస్తే ఇలగ అడగండి: బోర్డు టీడీఏ7294, ఒక్కో వైపు ఒక చిప్, 24-0-24 వోల్టుల 5 ఆంపియర్ల రాగి ట్రాన్స్‌ఫార్మర్, చిప్ వేడిని లాగెయ్యడానికి చేతి మందాన హీట్ సింక్. 8 ఓమ్స్‌కి ఒక్కో వైపు 50 వాట్ల దాకా శుభ్రంగా ఇస్తాది. 5200, 1943 ట్రాన్సిస్టర్ల బోర్డు పెడతానంటే అదీ మంచిదే గానీ ఆ తోషిబా నంబర్లకి నకిలీలు బజారు నిండా ఉన్నాయి, మీకు పోల్చుకోవడం కష్టం. తీగ కొస గీకి చూపించమంటే మొహమాటపడకుండా చూపించేవాడైతే ఆయన చేతే చేయించుకోండి, ఎందుకంటే రేపు పాడైతే బాగుచేసే మనిషి నడిచివెళ్లేంత దూరంలో ఉంటాడు, ఈ సుఖం ఆన్‌లైన్ డబ్బాకి లేదు.

ఇంకెవరో ఒకరు టెంట్ హౌస్ మైక్ సెట్ ఆంప్లిఫైర్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోమని చెప్పే ఉంటారు. మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర అయ్యాక అలాంటివి అమ్మకానికొస్తాయి. అవి ఊరంతా వినిపించడానికి చేసినవి, గట్టివి, కానీ మోనో, హారన్లకి 100 వోల్టుల లైను ఇచ్చే సరుకు. మాట బాగా వినపడతాది, వీణ తీగ చివర మోగే సన్నటి నాదం వినపడదు. వద్దు.

కొన్నాక, కలిపేముందు, ఇది మాత్రం రెండుసార్లు చదవండి. పాత రోజుల్లో గోడలోంచి స్పీకర్లకి మూడే తీగలు లాగేవారు, కుడికి ఒకటి, ఎడమకి ఒకటి, రెండింటికీ కలిపి ఒక కామన్. పాత ఆంప్లిఫైర్లలో నల్ల టెర్మినల్ రెండూ ఒకటే కాబట్టి అది చెల్లేది. ఈ చిప్ డబ్బాల్లో నల్ల టెర్మినల్ కూడా ఉత్తి గ్రౌండు కాదు, దాంట్లోనూ సిగ్నల్ నడుస్తాది. రెండు నల్లవీ ఎక్కడైనా కలిసినా, ఏదో ఒకటి ఎర్తుకి తగిలినా, చిప్ అదృష్టం బాగుంటే ఆగిపోతాది, లేకపోతే పొగ. నేను మొదటిసారి కొన్న చిన్న డబ్బాని ఇలగే పోగొట్టుకున్నాను, పాత ఇంట్లో గోడలో ఉన్న మూడు తీగలకే తగిలించి ఆన్ చేశాను, ఎర్ర లైటు ఒక్కసారి మెరిసింది, తర్వాత ఏమీ లేదు. కాబట్టి బాక్సు ఒక్కోదానికి విడిగా రెండేసి తీగలు, మొత్తం నాలుగు, ఆంప్ దాకా కలవకుండా రావాలి. కొత్త తీగ లాగాల్సొస్తే మామూలు రాగి జంట తీగ చాలు, 1 చదరపు మిల్లీమీటరు మందం, మీ హాలుకి అదే ఎక్కువ. వందల రూపాయల స్పీకర్ కేబుల్ అక్కర్లేదు.

మన వైపు వానల సంగతి మీకు నేను చెప్పాలా, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాని ఏం చేసిందో మీరు కళ్లారా చూసినవాళ్లు. గాలివానకి న్యూట్రల్ తీగ తెగితే 230 రావాల్సిన ఇంట్లోకి 400 దాకా వస్తాది, అప్పుడు స్విచ్చు ఆఫ్ చేసి ఉన్నా నమ్మకం లేదు. మబ్బు కమ్ముతూండగానే, ఉరుములు మొదలవ్వకముందే అడాప్టర్ని ప్లగ్గులోంచి లాగెయ్యండి, దాంతోపాటు టీవీకొచ్చే కేబుల్ తీగ కూడా, పిడుగు ఆ దారిలోనూ వస్తాది. తుపాను పోయి కరెంటు వచ్చాక కూడా ముందు ఒక బల్బు వేసి వెలుగు మామూలుగా ఉందా చూసి ఓ పావుగంట ఆగి అప్పుడు పెట్టండి. ఇంకోటి, ఈ డబ్బాలు వెచ్చగా ఉంటాయి కాబట్టి బల్లులు చేరతాయి, గాలి కన్నాల్లోంచి దూరి బోర్డు మీద పాకితే రెండూ పోతాయి. టీవీ వెనక మూల కాకుండా నాలుగు వైపులా గాలి ఆడే చోట, గోడకి జానెడు ఎడంగా పెట్టండి, పైన మాత్రం గుడ్డ కప్పకండి.

ఇప్పుడు మీరు నాకు మూడు సంగతులు చూసి రాయండి. కోను చుట్టూ ఉన్న రింగు ఫోమా, గుడ్డా. టీవీ వెనక ఏ కన్నాలున్నాయి. నాన్నగారి పాత ఆంప్లిఫైర్ దగ్గరికి గోడలోంచి మూడు తీగలొస్తున్నాయా నాలుగా. ఆ పాత ఆంప్లిఫైర్‌ని మాత్రం తుక్కుకి వెయ్యకండి, దాని ట్రాన్స్‌ఫార్మర్ పాడవ్వలేదంటే రాగిదే అయ్యుంటాది, మీ షాపాయన కొత్త బోర్డు దాని మీదే, ఆ డబ్బాలోనే కూర్చోబెట్టగలడేమో అడిగి చూడండి, వోల్టులు కుదిరితే అమ్మగారు మళ్లీ ఆ పాత నాబే తిప్పుకోవచ్చు.